వలెట్టా: ముందు నీళ్లు, తర్వాతే చర్చిలు

అధ్యక్షులవారికీ, గ్రంథాలయ కార్యదర్శిగారికీ, ముందు వరస పెద్దలకూ, గోడవారగా నిలబడ్డ పిల్లలకూ నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే బయట టీ చల్లారిపోతుంది, కనుక అందరికీ కలిపి ఒకటే దండం.

మాల్టా దీవి రాజధాని వలెట్టాకు వెళ్లి రావడమెలాగో చెప్పమన్నారు. వీసా, బస్సు, చూడదగ్గవి, తిండి అంటూ నాలుగు భాగాలు కూడా కార్యదర్శిగారే రాసిచ్చారు. ఆ వరసలోనే వెళ్దాం.

వీసా షెంగెన్‌ది, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. 1964 దాకా ఇంగ్లీషువాళ్లు ఏలిన దీవి కాబట్టి బండ్లు మనకులాగే ఎడమవైపు నడుస్తాయి. ప్లగ్గు దగ్గర మాత్రం పేచీ. అక్కడివి బ్రిటిష్ సాకెట్లు, మూడూ పలక కాళ్లే. మన గుండ్రటి పిన్నులు దూరవు. అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. వీసా భాగం అయిపోయింది.

బస్సు. విమానాశ్రయం నుంచి ఊరికి పది కిలోమీటర్లు కూడా ఉండదు. టికెట్ రెండున్నర యూరోల దాకా ఉంటుంది. రెండు గంటల్లోపు ఎన్ని బస్సులు మారినా అదే టికెట్. వెళ్లేముందు ధర ఒకసారి సరిచూసుకోండి. బస్సులు దాదాపు అన్నీ కోటగోడ బయట ట్రైటన్ ఫౌంటెన్ దగ్గరే ఆగిపోతాయి. అక్కణ్నుంచి వంతెన మీదుగా నడిచి ఊళ్లోకి వెళ్లాలి.

ఆ వంతెన మీద ఆగండి. అందరూ ఎదురుగా ఉన్న కొత్త ద్వారాన్ని ఫొటో తీస్తారు. మీరు కిందికి చూడండి. కందకం కనిపిస్తుంది, అందులో చుక్క నీరుండదు. రాతిని నిలువునా తొలిచిన పొడి కందకం అది. చెప్పాల్సిన సంగతి అక్కడే మొదలవుతుంది. ఓడల్లో దిగి నాలుగు గంటల్లో ఊరు చుట్టేసే జనానికి బంగారు పూత చర్చి చూపిస్తారు, ఫిరంగి చూపిస్తారు. ఇంత ఎండు రాతి మీద ఊరెలా బతికిందో ఒక్కరూ చెప్పరు. నా ఫిర్యాదల్లా అదే.

మాల్టాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. ఏటా కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం అక్టోబరు, ఫిబ్రవరిల మధ్యే పడుతుంది. వేసవంతా ఎండే. 1565లో ఒట్టోమన్ సేన మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ముట్టడి వేసింది. శత్రువు విడిది చేయబోయే మార్సా పల్లంలోని బావుల్ని అప్పుడు దీవిని ఏలుతున్న క్రైస్తవ సైనిక సంఘం, సెయింట్ జాన్ నైట్లు, ముందే పాడుచేసి పెట్టారు. నీళ్లు ఆయుధమని తెలిసినవాళ్లు మరి! ముట్టడి తొలగిన మరుసటి ఏడు, 1566 మార్చి 28న, నైట్ల పెద్ద, అంటే గ్రాండ్ మాస్టర్, జాన్ ద వలెట్ ఈ కొత్త ఊరికి శంకుస్థాపన చేశాడు. పథకం గీసింది పోప్ పంపిన ఇంజనీరు ఫ్రాంచెస్కో లాపరెల్లి.

ఆ నిర్మాణ నిబంధనల్లో ఒకటి గుర్తుపెట్టుకోండి: ప్రతి ఇంటికీ వాననీటి తొట్టి ఉండి తీరాలి. ఇంటి కింద రాయి తవ్వుతారు. తవ్విన రాయి పైన గోడవుతుంది, తవ్విన గొయ్యి కింద నీటి బావి అవుతుంది. ఒకే తవ్వకానికి రెండు లాభాలు. కప్పు చదునుగా కట్టి, దాని మీద కుండపెంకుల పొడి, సున్నం కలిపిన గచ్చు పరుస్తారు. దాన్ని దెఫ్ఫూన్ అంటారు. కప్పు మీద పడ్డ వాన గొట్టంలోంచి నేరుగా బావిలోకి దిగుతుంది. ఆ గచ్చు ఎందుకంటే, అక్కడి తేనెరంగు సున్నపురాయి మెత్తనిది, నీటిని పీల్చేస్తుంది. గచ్చు బీటలిస్తే ఇల్లు చెమర్చడం ఖాయం. ఉప్పుగాలి తగిలే గోడల్ని దగ్గర్నుంచి చూడండి, తేనెపట్టులా గుంతలు పడి ఉంటాయి.

సరిగ్గా ఆ దశకంలోనే ఇక్కడ ఇబ్రహీం కుతుబ్‌షా హయాంలో హుస్సేన్‌సాగర్ తయారైంది. మనవాళ్లు ఊరికో చెరువు తవ్వితే వాళ్లు ఇంటికో చెరువు తవ్వుకున్నారు.

జనం పెరిగారు, వాననీరు చాలలేదు. గ్రాండ్ మాస్టర్ విన్యకూర్ 1610లో కాలువ పని మొదలుపెట్టించాడు. దూరం సుమారు 16 కిలోమీటర్లు. ఎత్తైన రాబాత్ వైపు ఊటల నుంచి నీరు వాలు మీదే రావాలి, పంపులు లేవు. దారిలో నేల పల్లానికి పడిపోయిన చోట వాలు చెడుతుంది. అందుకే బొలోన్యా నుంచి వచ్చిన ఇంజనీరు బొంతాదీనో ఆ పల్లాన్ని కమానుల మీదుగా దాటించాడు. 1615 ఏప్రిల్‌లో నీళ్లు ప్యాలెస్ ముందు మైదానంలోని ఫౌంటెన్‌లో ఎగిశాయి. సాంతా వెనెరా మీదుగా బస్సులో వెళ్తే ఆ కమానులు రోడ్డు పక్కనే కనిపిస్తాయి. కిటికీ సీటు పట్టండి! ఇవాళ కుళాయిలో వచ్చేది సగానికి పైగా సముద్రపు నీరే, ఉప్పు తీసి పంపుతారు. తాగొచ్చు, రుచి మాత్రం మన నాలుకకు అంత ఆనదు.

కార్యదర్శిగారు చీటీ పంపారు, ఐదు నిమిషాలేనట. పరుగెడదాం.

సెయింట్ జాన్ చర్చి ఆదివారం సందర్శకులకు తెరవరు. సన్నమడమ చెప్పులు రానివ్వరు, నేలంతా నైట్ల పాలరాతి సమాధి పలకలే కాబట్టి. లోపల 1608లో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో గీసిన యోహాను శిరచ్ఛేదం చిత్రం ఉంది. ఆయన సంతకం చేసిన చిత్రం అదొక్కటే, అదీ మెడ నుంచి కారిన నెత్తుట్లో. అప్పర్ బరాక్కా తోటలో మధ్యాహ్నం పన్నెండుకీ, నాలుగింటికీ ఫిరంగి పేలుస్తారు. ఇరవై నిమిషాలు ముందే వెళ్తేనే గోడ దగ్గర చోటు దొరుకుతుంది. పాఓలాలోని భూగర్భ సమాధి గుహ హైపోజియంలోకి గంటకు పదిమందినే పంపుతారు. టికెట్ నెలల ముందు కొనకపోతే తలుపు చూసి తిరిగి రావాల్సిందే.

తిండి. పాస్తిత్సి అని పొరలు పొరలుగా ఉండే కజ్జికాయలాంటిది దొరుకుతుంది. లోపల రికోటా జున్ను గానీ, బఠాణీ ముద్ద గానీ పెడతారు. శాకాహారులు సంబరపడకముందే, పిండిలో పందికొవ్వు కలిపారా అని అడగండి. కొన్నిచోట్ల కలుపుతారు. బ్రెడ్డు మీద టమాటా, ఆలివ్ నూనె రాసిచ్చే దానిలో ట్యూనా చేప వేస్తారు, వద్దంటే మానేస్తారు.

నడక గురించి ఒక్కమాట. రిపబ్లిక్ వీధి గుట్ట వెన్ను మీదుగా సాగుతుంది, అడ్డవీధులన్నీ రెండువైపులా రేవుల్లోకి జారతాయి. చాలాచోట్ల అవి మెట్లే. అరిగి నున్నబడ్డ రాయి, చినుకు పడితే సబ్బే. రబ్బరు అడుగు బూట్లే వేసుకోండి. రేవుకు మెట్ల మీదుగా దిగండి, ఎక్కేటప్పుడు మోకాళ్లను బాధపెట్టకుండా బరాక్కా లిఫ్టు ఎక్కండి. 58 మీటర్లు క్షణాల్లో తీసుకెళ్తుంది, టికెట్ ఒక యూరో.

పాత ఇంట్లో బస దొరికితే, బావి ఎక్కడుందో చూపించమని అడగండి. మాల్టీస్‌లో బావిని బీర్ అంటారు. హోటల్ బల్ల దగ్గర కూర్చుని అడిగితే మాత్రం సీసా తెచ్చి పెడతారు. టీకి పదండి.