అడ్డపొగ తాగేవాళ్ల అంగిలిలో ఏం జరుగుతుంది?

(తెర మీద: ఇంటి చూరులో దోపిన సగం చుట్ట)

ఇది మా మామ్మది. పొద్దున సగం కాల్చి ఆర్పి చూరులో దోపేది, మిగతా సగం సాయంత్రానికి. దగ్గరగా చూడండి. ఎంగిలి తడి మరక మాడిన కొస వైపే ఉంది.

అవును, నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకునేది. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, దీన్ని అడ్డపొగ అంటారు. ఎక్కువగా ఆడవాళ్లదే ఈ అలవాటు.

ఎందుకలా అంటే, చేలో నాట్లేస్తున్నా రేవులో బట్టలుతుకుతున్నా గాలికి నిప్పు ఆరదు, నుసి ఒంటి మీద రాలదు. ఎంగిలి తడికి చుట్ట నిదానంగా కాలుతుంది, ఎక్కువసేపు వస్తుంది. పెద్దవాళ్లు ఎదురైతే నిప్పు కనపడదు కూడా!

(తెర మీద: నోటి లోపలి బొమ్మ, అంగిలి మీద బాణం గుర్తు)

మామూలుగా పొగ తాగేవాళ్లకి నోటి పైకప్పులో, అంటే గట్టి అంగిలిలో, క్యాన్సర్ రావడం అరుదు. అడ్డపొగలో నిప్పు సరిగ్గా దాని కిందే ఉంటుంది. పొగాకు విషాలకి వేడి తోడు. ముందు అంగిలి తెల్లగా పాలిపోతుంది. ఆ తెలుపు మీద సన్నటి ఎర్ర చుక్కలు లేస్తాయి. అక్కడుండే చిన్న చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు వాచి అలా కనిపిస్తాయన్నమాట. తర్వాత మందంగా తెల్ల మచ్చలు, పచ్చిగా ఎర్రబడిన చోట్లు, పుండ్లు. డాక్టర్లకి తెలుపు కన్నా ఎరుపంటేనే ఎక్కువ భయం. చిక్కేమిటంటే, మొదట్లో నొప్పి ఉండదు.

ఏదో నలుగురైదుగురి సంగతి కాదిది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించిన సర్వే ఒకటి 1971లో అచ్చయింది. వాళ్లలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే.

నాకు నచ్చింది ఆ తర్వాతి కథ. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మందిని ఐదేళ్లపాటు గమనించారు. ఫలితాలు 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. చేసిందల్లా నోరు చూడటం, ఏమవుతుందో చెప్పడం, మానమని నచ్చజెప్పడం. అంతమాత్రానికే మన శ్రీకాకుళంలో కొత్తగా అంగిలి మచ్చలు రావడం తగ్గింది. పసుపు నీళ్లు తాగితే క్యాన్సర్ రాదనే వీడియోలు ఫార్వర్డ్ చేసేవాళ్లు ఈ ముక్క కూడా చేస్తే బాగుండు.

చుట్ట కాదు, మాది గుట్కా, ఖైనీ అంటారా? అప్పుడు బుగ్గ లోపల, నాలుక పక్కన చూడాలి. నోరు తెరిస్తే మూడు వేళ్లు నిలువుగా పడుతున్నాయా? పట్టడం లేదంటే డాక్టరుకి చూపించాలి. పొగాకుకి మద్యం కూడా తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

(తెర మీద: సెల్‌ఫోన్ లైటు, తెరిచిన నోరు)

మామ్మని వెలుతురులో కూర్చోబెట్టాను. కట్టుడు పళ్లు తీయించాను, ఇది మర్చిపోవద్దు, మచ్చ వాటి కిందే దాక్కుంటుంది. తల వెనక్కి వాల్చి ఫోటో తీశాను.

"ఇన్నేళ్లొచ్చాయి, ఇప్పుడు నాకేటవుతాదిరా?" అంది. ఫోటో చూపిస్తే మాత్రం కాసేపు మాట్లాడలేదు. "ఇది నా నోరేనేటి?"

రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిచినా పోని తెలుపు, ఎరుపు మచ్చ, కారణం లేకుండా వదులైన పన్ను, ఏది కనిపించినా ఫోటోతో సరిపెట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 30 ఏళ్లు దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నోటి పరీక్ష ఉచితం. ఆశా అక్కనో, ఏఎన్ఎంనో అడిగితే ఏ రోజు రావాలో చెబుతారు.

మానడానికి సాయం కావాలంటే 1800-11-2356, కాల్ ఉచితం. నంబరు మీరే కలిపి ఫోను ఆవిడ చేతికివ్వండి. పక్కన నిలబడి మాటలు అందించకండి. మా మామ్మ నన్ను బయటికి పొమ్మంది.