సెకనుకు బిందెడు గాలి
(నల్గొండలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పరిచయం చేస్తూ సార్ నన్ను నిపుణుడన్నారు. అంత లేదు. క్లాక్ టవర్ సెంటర్ దగ్గర పదిహేనేళ్ళుగా కంప్యూటర్లు రిపేరు చేస్తున్న మనిషిని. మీ సీనియర్లలో సగం మంది నా షాపులో అప్పు ఉన్నారు. ఆ పేర్లు ఇక్కడ చదవను, భయపడకండి.

మీరు లోపలికి రాకముందే ఒక పని చేసి పెట్టాను. ఈ బల్ల మీదున్న డబ్బా చూడండి. మనవాళ్ళు దీన్ని మొత్తంగా సీపీయూ అంటారు, నేనూ అలాగే అంటాను. అద్దం తీసేసి ఉంది. లోపల ఉన్నది ఆర్‌టీఎక్స్ 4090, మూడు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు. ఆటల్లో తెర మీది బొమ్మలు గీసేది ఇదే. మిర్యాలగూడలో రైస్ మిల్లున్న ఒకాయన కొడుకుది. శుభ్రం చేయమని ఇచ్చిపోయాడు, అడిగి పట్టుకొచ్చాను. చిప్పు ఎన్విడియా కంపెనీది, దాని చుట్టూ కార్డు ఎవరు తయారు చేశారో చెప్పను, స్టిక్కర్ మీద టేపు వేశాను. అరగంటగా దీని మీద పూర్తి లోడు నడుస్తోంది. పక్కనున్న థర్మామీటర్ ప్రకారం హాల్లో 34 డిగ్రీలు. తెర మీద కార్డు 72 చూపిస్తోంది. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి.

కొత్త కార్డు వచ్చినప్పుడల్లా పిల్లలు ఫోను చేతిలో పట్టుకుని షాపుకొస్తారు. "అన్నా, రివ్యూలో 63 డిగ్రీలే వచ్చిందంట, మస్తు చల్లగుంటదంట" అంటారు. సరే తమ్మీ, ఆ రివ్యూ చేసినాయన గదిలో ఎంత ఉంది? ఆ మాట వీడియోలో ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ 22 ఉందనుకుందాం. అంటే కార్డు గది కంటే 41 డిగ్రీలు పైన ఉంది. చూడాల్సింది 63 కాదు, ఆ 41. ఎందుకంటే ఫ్యాన్లు అదే వేగంతో తిరిగితే, అదే వేడి పుడితే, ఆ తేడా ఇంచుమించు అలాగే ఉంటుంది. మే నెలలో మన రేకుల ఇంట్లో మధ్యాహ్నం 42 ఉందనుకోండి. 42కి 41 కలపండి. 83. ఎన్విడియా 4090కి పెట్టిన గరిష్ఠ పరిమితి 90. రివ్యూలో చల్లగా కూర్చున్న కార్డు మన దగ్గరికొచ్చేసరికి అంచు మీద నిలబడింది. నిజానికి కార్డు ఊరుకోదు, ఫ్యాన్ల వేగం పెంచి 83ను 78కి లాక్కొస్తుంది. అప్పుడు చల్లదనం బదులు మీకు మోత ముడుతుంది.

అసలు ఇంత వేడి ఎక్కడిది? 4090 లోపలి చిప్పు 608 చదరపు మిల్లీమీటర్లు. ఇంచుమించు రెండున్నర సెంటీమీటర్ల చదరం. అందులో 7,630 కోట్ల ట్రాన్సిస్టర్లు. కార్డు మొత్తం తాగే కరెంటు 450 వాట్లు. మెమరీకి, పవర్ సర్క్యూట్లకు పోయింది తీసేసి చిప్పుకు 350 వేసుకుందాం. చదరపు సెంటీమీటరుకు 58 వాట్లు దాకా వస్తుంది. ఇంట్లో ఇస్త్రీ పెట్టె 1000 వాట్లది, అడుగు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. అంటే సెంటీమీటరుకు 5 వాట్లు. ఆ 5 వాట్లకే చొక్కా కాలుతుంది. ఇక్కడ దానికి పదింతలకు పైగా ఉంది, దాన్ని 70ల్లో ఉంచాలి. హై ఎండ్ కార్డు బరువులో ఎక్కువ భాగం ఈ ఒక్క గొడవకే పోతుంది. ఎత్తి చూడండి, పాత ఇస్త్రీ పెట్టె ఎత్తినట్టే ఉంటుంది.

చిప్పులో పుట్టిన వేడి ముందు రాగి పలకలోకి దిగాలి. రెండూ నున్నగానే కనిపిస్తాయి కానీ మధ్యలో కంటికి ఆనని సందులుంటాయి. సందుల్లో గాలి ఉంటే పని అయిపోయినట్టే. గాలి వేడిని మోయడంలో రాగి కంటే పదిహేను వేల రెట్లు బద్ధకస్తురాలు. అందుకే పేస్టు పూస్తాం. మెమరీ చిప్పుల మీద పేస్టుకు బదులు మెత్తటి ప్యాడ్లు ఉంటాయి. ఈ ప్యాడ్ల దగ్గర నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. నాలుగేళ్ళ కింద ఒక కార్డు విప్పాను. ప్యాడ్లు నూనె కారి పిండిలా అయిపోయాయి. ఒకటిన్నర మిల్లీమీటర్లవి పెట్టాలి. నా దగ్గర రెండువి ఉన్నాయి. అర మిల్లీమీటరే కదా, స్క్రూ బిగిస్తే అణుగుతుందిలే అనుకున్నాను. బిగించి ఆన్ చేస్తే లోడు పెట్టిన కొన్ని క్షణాల్లోనే 100 దాటి ఆగిపోయింది. ప్యాడ్లు రాగి పలకను పైకెత్తి పట్టుకున్నాయి, చిప్పుకు అది తాకనే లేదు. విప్పి చూస్తే పూసిన పేస్టు పూసినట్టే ఉంది, పలక మీద మరక కూడా పడలేదు. కార్డు బతికింది. ఆ రోజు నుంచి నా జేబులో మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ ఉంటుంది.

రాగి పలక దాటాక వేడి ఫిన్నుల, అంటే గాలికి వేడి వదిలే పలచటి రేకుల, చివరిదాకా పోవాలి. ఒట్టి రాగి మీద అంత దూరం పోలేదు. ఇక్కడ నీళ్ళు పని చేస్తాయి. అవును, ఎయిర్ కూలింగ్ అని అమ్మే కార్డులోనూ నీళ్ళుంటాయి. ఈ హీట్ పైపు లోపల గాలి లాగేసి, కాసిని నీళ్ళు పోసి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 100 దాకా ఆగకుండా ముందే ఆవిరవుతాయి. ఆవిరి చల్లగా ఉన్న కొసకు పరుగెత్తి, అక్కడ వేడి వదిలేసి మళ్ళీ నీళ్ళవుతుంది. గొట్టం లోపలి గోడకు రాగి పొడి కాల్చి అతికించి ఉంటుంది. దీపం వత్తి నూనె పీల్చినట్టు అది నీళ్ళను వెనక్కి లాగుతుంది. మీ ఇంట్లో మట్టి రంజన్ ఉందా? బయటికి ఊరిన చెమ్మ ఆరుతూ లోపలి నీళ్ళ వేడిని పట్టుకుపోతుంది. సూత్రం అదే. రంజన్‌లో ఆవిరి గాలిలో కలిసిపోతుంది, ఇక్కడ తిరిగొస్తుంది. గ్రాము నీళ్ళు ఆవిరి కావాలంటే సుమారు 2,300 జౌళ్ళు కావాలి. లెక్క కట్టండి: 450 వాట్లు మోయడానికి సెకనుకు గ్రాములో అయిదో వంతు ఆవిరైతే చాలు. నాలుగు చుక్కలు.

ఇదే సూత్రాన్ని గొట్టంలా కాకుండా పలకలా చేస్తే వేపర్ ఛాంబర్. ఈ నాలుగు చుక్కలు తక్కువ పడితే ఏమవుతుందో లోకమంతా చూసింది. 2022 డిసెంబరులో ఎన్విడియాకు పోటీ కంపెనీ ఏఎండీ నుంచి ఆర్ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ వచ్చింది, 355 వాట్ల కార్డు. కొందరి దగ్గర హాట్ స్పాట్, అంటే చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు, 110కి పోయి కార్డు నెమ్మదించింది. ఫ్యాన్లు బాగున్నాయి, పేస్టు బాగుంది. కొన్ని ఛాంబర్లలో నీళ్ళు సరిపడా పోయలేదని 2023 జనవరిలో కంపెనీయే ఒప్పుకుని కార్డులు మార్చి ఇచ్చింది. మూసేసిన రాగి పలకలో నీళ్ళు తక్కువున్నాయని పైనుంచి ఏ రిపేరువాడు కనిపెడతాడు చెప్పండి. నాలాంటి వాడైతే నాలుగుసార్లు పేస్టు మార్చి నాలుగుసార్లు డబ్బులు అడిగేవాడు.

ఇక చివరిది గాలి. 450 వాట్ల వేడిని, గాలి 20 డిగ్రీలకు మించి వేడెక్కకుండా బయటికి పంపాలంటే సెకనుకు దాదాపు 20 లీటర్ల గాలి కావాలి. అంటే సెకనుకు బిందెడు. ఒక బిందె, ఇంకో బిందె, ఇంకో బిందె, ఆట ఆడినంతసేపూ. ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపే వస్తుంది, కానీ తిప్పడానికి పట్టే శక్తి ఎనిమిదింతలు, మోత 15 డెసిబెళ్ళ దాకా పెరుగుతుంది. అందుకే చిన్న ఫ్యానును పరుగెత్తించడం కంటే పెద్ద ఫ్యానును నడిపించడం మేలు. 2003లో జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా అనే కార్డు చిన్న ఫ్యానుతో ఎంత గోల చేసిందంటే, ఎన్విడియా వాళ్ళే తమ కార్డును ఎగతాళి చేస్తూ వీడియో తీసుకున్నారు. కాస్త తమ మీద తాము నవ్వుకునే రోజులవి.

2020లో వచ్చిన 3090తో ఎన్విడియా తన సొంత కార్డుల ఆకారం మార్చింది. లోపలి బోర్డును పొట్టిగా చేసి, ఒక ఫ్యాను కింద బోర్డే లేకుండా చేసింది. గాలి ఫిన్నుల్లోంచి దూరి నేరుగా అవతలికి పోతుంది. మంచి ఆలోచన. కానీ అదే 3090లో సగం మెమరీని బోర్డు వెనక వైపు పెట్టారు, ఆ వైపు ఫ్యాను లేదు. మెమరీ 110 దాకా పోయిందని గోల. 2025 జనవరిలో వచ్చిన 5090లో బోర్డును ఇంకా కుదించి మధ్యలో పెట్టారు, అటూ ఇటూ రెండు ఫ్యాన్లూ గాలిని ఆరపారా ఊదుతాయి. చిప్పు మీద పేస్టు బదులు లిక్విడ్ మెటల్. 575 వాట్లను రెండు స్లాట్ల, అంటే డబ్బా వెనక కార్డులు దిగే రెండు గాళ్ళ, మందంలో సర్దారు. పనితనానికి దండం పెట్టాల్సిందే. అయినా నన్నడిగితే నల్గొండలో వాడుకోవడానికి దాన్ని ఎంచుకోను. అంత సన్నటి కార్డులో వెసులుబాటు తక్కువ. పైగా ఆ 575 వాట్లూ డబ్బా లోపలే, ప్రాసెసర్ ముఖాన ఊదుతుంది. మూడు స్లాట్లు మింగే మొద్దు కార్డే మనకు నయం. రంగు దీపాలు, కోరలున్న ప్లాస్టిక్ తొడుగు, వీటి గురించి నేనేం మాట్లాడను.

కార్డుకు కరెంటిచ్చే వైరు సంగతి కూడా చెప్పాలి. 450 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 37 ఆంపియర్ల పైన. అదంతా ఆరు సన్నటి పిన్నుల్లోంచి పోవాలి. 4090 వచ్చిన 2022లోనే ఈ కనెక్టర్లు కరిగిన ఫొటోలు బయటికొచ్చాయి. ప్లగ్గు పూర్తిగా దిగకపోవడం పెద్ద కారణమని తేలింది. మీలో బాయికాడ మోటరు ఉన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. స్టార్టర్‌లో వైరు లూజుంటే ఏమవుతుంది? వైరు కాలదు, వైరు పట్టుకున్న చోటు కాలుతుంది. ఇదీ అంతే. టక్కుమని దిగేదాకా నొక్కండి, ప్లగ్గు మొదట్లోనే వైరు వంచకండి. అన్నట్టు, 600 వీఏ యూపీఎస్ మీద ఈ కార్డు నడుస్తుందా అని అడుగుతారు. ఆ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లు. మీరే చెప్పండి.

ఇప్పుడు ఏ రివ్యూలోనూ కనిపించనిది చూపిస్తాను. ఈ కవర్‌లో ఉన్నది ఈ కార్డులోంచి నిన్న నేను తీసిందే. ముందు వరుస వాళ్ళు చేతికి తీసుకోండి. చూడటానికి పాత బొంత ముక్కలా ఉంది కదా. పత్తి నూగు, తవుడు, కాస్త దుమ్ము. ఫ్యాను కింద, ఫిన్నుల మొదట్లో, చాపలా పరుచుకుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం లోపలికి దిగట్లేదు. చుట్టూ పత్తి చేలు, జిన్నింగ్ మిల్లులు ఉన్న జిల్లా మనది. మిర్యాలగూడలో రైస్ మిల్లు పక్కనే ఇల్లు. ఇది తీసేసరికి ఇదే కార్డు, అదే గదిలో, 14 డిగ్రీలు దిగింది. కొత్త పేస్టు కూడా పెట్టలేదు. శుభ్రం చేసేటప్పుడు ఫ్యానును వేలితో ఆపి పట్టుకుని బ్లోయర్ కొట్టండి, లేకపోతే అది గిరగిరా తిరిగి బేరింగు పోతుంది. టైర్లకు గాలి పట్టే కంప్రెసర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళొద్దు, అందులో నీళ్ళూ నూనే కలిసి వస్తాయి.

వాటర్ కూలింగ్, అంటే సన్నటి రాగి కాలవల్లో నీళ్ళు తిప్పి చల్లబరిచే ఏర్పాటు, సొంతంగా బిగించుకుంటానని ఒక తమ్ముడు అడిగాడు. బిగించుకో, బోరు నీళ్ళు మాత్రం పోయకు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచం మన ఊరి పేరే పెట్టింది, నల్గొండ టెక్నిక్ అని. మన నీళ్ళు అంత ప్రసిద్ధి. స్టీలు గిన్నె అడుగున కట్టే తెల్లటి పొర ఆ సన్నటి రాగి కాలవల్లో కడితే ఇంకేముంది. కూలర్ ముందు డబ్బా పెట్టే వాళ్ళు కూడా కాస్త దూరంగా జరపండి, గడ్డిలోంచి తుంపర పడుతుంది.

ఇంకో సంగతి. ఫ్యాన్లు ఎంత మంచివైనా వేడిని మాయం చేయలేవు, కార్డులోంచి గదిలోకి తోస్తాయి, అంతే. ఈ డబ్బా మొత్తం 600 వాట్ల పైన లాగుతుంది. టన్ను ఏసీ తీసే వేడి 3,500 వాట్లు. అంటే ఏసీలో ఆరో వంతు దీనికే. అందుకే నా షాపులో ఎండకాలం వచ్చిందంటే మొదట పవర్ లిమిట్, అంటే కార్డు లాగే వాట్ల పరిమితి, తగ్గిస్తాను. అప్పుడు కార్డు తన వోల్టేజీ తగ్గించుకుంటుంది. వోల్టేజీ తగ్గితే ఖర్చయ్యే శక్తి దాని వర్గం లెక్కన తగ్గుతుంది. 450ని 350 దగ్గరికి తెస్తే ఆటలో పోయేది కొద్ది శాతమే, కంటికి కనపడదు. ఊరికే అయ్యే పని, ఖర్చు లేదు.

నేను మాట్లాడుతుండగా సార్ ఒక పని చేశారు, గమనించారో లేదో. డబ్బాకు అద్దం బిగించి, ఈ కంప్యూటర్ టేబుల్ కింది అరలోకి నెట్టి తలుపు వేశారు. మన ఇళ్ళలో పెట్టేది అక్కడే కదా, దుమ్ము పడకుండా అని. ఇంకో థర్మామీటర్ లోపల పెట్టారు. పావుగంటయింది. హాల్లో ఇంకా 34. అరలో 47. తెర మీద చూడండి, కార్డు 82. వదిలిన వేడి గాలినే మళ్ళీ పీలుస్తోంది. ఆ గుయ్యిమనే మోత మొదట్లో నాకు కూడా వినపడలేదు, ఇప్పుడు వెనక బెంచీ దాకా వస్తున్నట్టుంది. తమ్మీ, నువ్వు దగ్గరున్నావు, ఆ తలుపు తీయి. చేయి అడ్డం పెట్టి చూడు ముందు, ఎంత గర్మి వస్తోందో వీళ్ళకు నువ్వే చెప్పు.