ఆదికాండం, డార్విన్, ఒంగోలు గిత్త: మా బయాలజీ మాస్టారితో ఒక సాయంత్రం

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి ఒంగోలులో, మా హైస్కూల్ బయాలజీ మాస్టారి ఇంటి వరండాలో కూర్చుని రికార్డ్ చేస్తున్నాను. మధ్యలో కాకులు, ఆటోలు వినిపిస్తే కొంచెం సర్దుకోండి. మాస్టారు ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ స్కూళ్లలో జీవశాస్త్రం చెప్పారు. ఆదివారం చర్చిలో బైబిల్ చదివేదీ ఆయనే. దేవుడు చేశాడా, పరిణామంలో వచ్చామా అనే గొడవ గురించి మాట్లాడాలనుకోగానే నాకు ఈయనే గుర్తొచ్చారు. మాస్టారూ, నమస్తే.

మాస్టారు: నమస్తే అమ్మా. నేను పాఠం చెప్పిన ప్రతి సంవత్సరం ఒకటే ప్రశ్న వచ్చేది. వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు లేచేవాళ్లు. "సార్, కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులు ఎందుకున్నాయి?"

హోస్ట్: మా బ్యాచ్‌లో అడిగింది నేనే సార్. "మీ పెదనాన్న కొడుకు ఉన్నాడు కదా, మరి నువ్వెట్లా పుట్టావు?" అన్నారు మీరు. క్లాసంతా నవ్వారు. ఇంటికి పోయాక గానీ నాకు ఎక్కలేదు.

మాస్టారు: చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. ఇద్దరికీ కలిపి ఉన్న తాత 60, 70 లక్షల ఏళ్ల కిందటివాడు. ఆయన ఇప్పటి చింపాంజీ కాదు, ఇప్పటి మనిషీ కాదు. దీనికి సాక్ష్యం మన ఒంట్లోనే ఉంది. చింపాంజీ కణంలో 48 క్రోమోజోములు, అంటే జన్యువులు మోసే పోగులు, మనకు 46. ఆ తేడా ఎక్కడిదో మన రెండో క్రోమోజోమ్ చూస్తే తెలుస్తుంది. రెండు పాత క్రోమోజోములు కొసకు కొస అతుక్కుని ఒకటయ్యాయి. కొసల్లో ఉండాల్సిన గుర్తులు దాని మధ్యలో ఉన్నాయి. రెండు తాళ్లు ముడేస్తే ముడి తగుల్తుందే, అట్లా.

హోస్ట్: కానీ "అది థియరీయే కదా" అంటారు చాలామంది.

మాస్టారు: ఆ మాట వింటే నాకు బాధేస్తుందమ్మా. మన వాడుకలో థియరీ అంటే నోటికొచ్చిన ఊహ. సైన్సులో అట్లా కాదు. రోగం క్రిముల వల్ల వస్తుందనేదీ థియరీయే. అది నమ్మే కదా ఆపరేషన్ ముందు డాక్టరు చేతులు కడుక్కునేది.

హోస్ట్: మీ చర్చి సంఘంలో ఎప్పుడూ ఇబ్బంది రాలేదా?

మాస్టారు: వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సంఘ పెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచారు. "వారమంతా డార్విన్ చెప్పి, ఆదివారం ఇక్కడ ఆదికాండం చదువుతావా? ఏదో ఒకటి తేల్చుకో" అన్నారు. కొన్ని నెలలపాటు నన్ను చదవడానికి పిలవలేదు. ఆ రోజుల్లో రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. మా నాన్న చనిపోయినప్పుడు కూడా నా విశ్వాసం అంత కదల్లేదు.

హోస్ట్: మరి ఎట్లా తేల్చుకున్నారు?

మాస్టారు: బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం కదా, దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేశాడని చెప్పే దాని మొదటి అధ్యాయమే మళ్లీ చదివాను. ఈసారి నిదానంగా. మూడో రోజు చెట్లు, నాలుగో రోజు సూర్యుడు. సూర్యుడే లేని మొదటి మూడు రోజులను 24 గంటల లెక్కన ఎట్లా కొలుస్తాం? ఈ సందేహం నాకే కొత్తగా వచ్చింది కాదు. పదహారు వందల ఏళ్ల కిందట క్రైస్తవ పండితుడు అగస్టీన్ కూడా అవి మన రోజుల్లాంటివి కావనే రాశాడు. భూమి వయసు ఆరు వేల ఏళ్లనే మాట వేరే దారిలో వచ్చింది. 1650లో ఐర్లాండ్ ఆర్చిబిషప్ ఉషర్ బైబిల్లోని వంశావళులు కూడి, సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని లెక్క కట్టాడు. ఆ అంకె బైబిల్లో ఎక్కడా లేదు. కానీ దాన్ని వాక్యమే అన్నట్టు పట్టుకున్నాం. తర్వాత డోబ్జాన్‌స్కీ గురించి చదివాను. గొప్ప జన్యుశాస్త్రవేత్త, ఆర్థడాక్స్ క్రైస్తవుడు. పరిణామం వెలుగులో చూడకపోతే జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసింది ఆయనే. 1996లో పోప్ రెండో జాన్ పాల్ కూడా పరిణామాన్ని వట్టి ఊహ అనడానికి లేదన్నారు. నాకు ఊపిరాడింది.

హోస్ట్: మా ఇంట్లో ఇంకో రకం మాస్టారూ. మాది నెల్లూరు వైపు కదా. తాతయ్య రోజూ పూజలో సంకల్పం చెప్పేవారు, "శ్వేతవరాహకల్పే, వైవస్వత మన్వంతరే" అని. కల్పమంటే 432 కోట్ల ఏళ్లు. సైన్సు ప్రకారం భూమి వయసు సుమారు 454 కోట్లు. చూశారా, మనవాళ్లకు ముందే తెలుసు అని కాలేజీలో ఎంతమందితో వాదించానో.

మాస్టారు: మీ తాతయ్య అట్లా వాదించేవారా?

హోస్ట్: లేదు. ఆయన ఎప్పుడూ అనలేదు.

మాస్టారు: ఆయన సంకల్పం చెప్పుకునేది అందుకు కాదు గనక. ఇంత పెద్ద కాలంలో, ఇంత పెద్ద లోకంలో, ఫలానా నది ఒడ్డున, ఫలానా గోత్రంవాణ్ణి, ఇదిగో ఇక్కడ కూర్చున్నాను అని చెప్పుకోవడం అది. అందులో ఎంత వినయం ఉందీ! ఇక సైన్సు లెక్క ఎట్లా వచ్చింది? 1956లో క్లేర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త ఉల్కల్లో ఉన్న సీసం అనే లోహాన్ని కొలిచి 455 కోట్లు అన్నాడు. నువ్వూ కొలవొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. సంకల్పాన్ని అట్లా దిద్దుతావా? దిద్దవు. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి సంబరపడితే, రేపు కొలతలో తేడా వచ్చిన రోజు తాతయ్య పూజ తప్పయిపోవాలి.

హోస్ట్: 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక వైస్ ఛాన్సలరే దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కన్నా మేలైనవి అన్నారు. మత్స్యం, కూర్మం, వరాహం, తర్వాత నరసింహం. నీళ్ల నుంచి నేలకు, మృగం నుంచి మనిషికి. మొదట విన్నప్పుడు నాకూ భలే అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. పెంచలకోనలో స్వామి ముందు నిలబడితే నాకు మృగానికీ మనిషికీ మధ్య దశ కనపడదు సార్. పిల్లవాడు పిలిస్తే స్తంభంలోంచి వచ్చాడన్నది తలుచుకుని ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని బయాలజీ పాఠం చేస్తే నాకు దేవుడూ పోయాడు, పాఠమూ పోయింది.

మాస్టారు: అదే నేను మా సంఘంలో చెప్పేదీ. ఆరు రోజులని గడియారం పెట్టి కొలిచేవాళ్లూ, అవతారాల్లో డార్విన్‌ను వెతికేవాళ్లూ వేరనుకుంటాం. ఇద్దరూ చేస్తున్నది ఒకటే. గ్రంథాన్ని తీసుకెళ్లి సైన్సు పరీక్షకు కూర్చోబెడుతున్నారు. దానికి ఆ పరీక్ష అక్కర్లేదు.

హోస్ట్: మరి పరిణామం మన కళ్ల ముందు కనపడుతుందా? "ఎవరైనా చూశారా" అని అడుగుతారు కదా.

మాస్టారు: 1859లో డార్విన్ తన పుస్తకం మొదటి అధ్యాయంలో పావురాల గురించి రాశాడు. పెంపకందార్లు తమకు నచ్చిన వాటిని ఎంచి ఎంచి ఎన్ని రకాలు తెచ్చారో చూడండి అన్నాడు. ఇక్కడ పుట్టి ఉంటే గిత్త గురించి రాసేవాడు. పందొమ్మిదో శతాబ్దంలో మన పశువులు ఓడెక్కి బ్రెజిల్ పోయాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, అందుకే అక్కడ వాటి పేరు నెలోర్. వాళ్లు మాంసం కోసం ఎంచుకుంటూ పోయారు. మనం దుక్కికి, బండలాగుడుకి ఎంచుకున్నాం. ఒకే వంశం, రెండు దారులు. కానీ అక్కడ ఎంచింది మనిషి. మనిషి ఎంచకుండా జరిగింది చూడాలంటే పత్తి చేలోకి పోవాలి.

హోస్ట్: గులాబీ రంగు పురుగా?

మాస్టారు: అదే. మా తమ్ముడిది దర్శి వైపు వ్యవసాయం. 2002లో బీటీ పత్తికి, అంటే పురుగును చంపే బ్యాక్టీరియా జీన్ చేర్చిన పత్తికి, అనుమతి వచ్చింది. 2006లో అట్లాంటి జీన్లు రెండు ఉన్న విత్తనం వచ్చింది. ఆ ఆకు, ఆ కాయ తింటే పురుగు చచ్చేది. కొన్నేళ్లు బాగానే ఉంది. తర్వాత ఒక ఏడాది పత్తి పూలన్నీ గుడ్డిపూలు, విచ్చుకోకుండా ముడుచుకుపోయి. కాయ పగలగొడితే లోపల ఎర్రగా పురుగు కదులుతోంది. వాడు కాయ నా చేతిలో పెట్టి "నకిలీ విత్తనం అంటగట్టారన్నా" అన్నాడు.

హోస్ట్: నకిలీయేనా?

మాస్టారు: కాదమ్మా. విత్తనం మంచిదే. మారింది పురుగు. కోట్ల పురుగుల్లో ఎక్కడో ఒకటీ అరా బీటీని తట్టుకునేవి ముందునుంచీ ఉంటాయి. మిగతావన్నీ చచ్చాయి, ఇవి మిగిలాయి. వీటికి వీటితోనే జత కుదిరింది. ఏటేటా వాటి సంతానమే పెరిగింది. డార్విన్ ప్రకృతి వరణం అన్నది ఇదే. ఇట్లా అవుతుందని సైంటిస్టులు ముందే అనుకున్నారు. అందుకే 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల చిన్న ప్యాకెట్ ఇచ్చేవాళ్లు.

హోస్ట్: చేను చుట్టూ వేయమని.

మాస్టారు: అవును. ఆ మామూలు మొక్కల మీద బీటీకి చచ్చే రకం పురుగులు బతుకుతాయి. అవి పెరిగి రెక్కల పురుగులై, తట్టుకునే వాటితో కలిస్తే, పుట్టే పిల్లల్లో ఎక్కువ భాగం మళ్లీ బీటీకి చచ్చేవే అవుతాయి. ఎంత తెలివైన ఉపాయం! నేను తమ్ముణ్ణి అడిగాను, ఆ చిన్న ప్యాకెట్ ఏం చేశావురా అని. "పురుగును మేపడానికి ఎవరన్నా పత్తి వేస్తారా అన్నా? గట్టు మీద పారేశా" అన్నాడు. వాణ్ణి ఏమనాలి? అది ఎందుకిచ్చారో వాడికి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో బయాలజీ మాస్టారు ఉండి కూడా నేనూ చెప్పలేదు. ఇప్పటికీ నన్ను పొడుస్తుందది.

హోస్ట్: మరి పిల్లలకైనా చెబుతున్నామా? 2023లో ఎన్సీఈఆర్టీ పదో తరగతి పుస్తకంలో "అనువంశికత, పరిణామం" అనే అధ్యాయం వట్టి "అనువంశికత" అయిపోయింది. పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు సంతకాలు పెట్టి ఇది తప్పన్నారు. పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అని సమాధానం వచ్చింది.

మాస్టారు: మన దగ్గర పది అవ్వగానే పిల్లల్ని ఎంపీసీలో వేస్తారు. ఇంజినీరు అవుతాడు, బ్యాంకులో మేనేజరు అవుతాడు, ఆ పాఠం జీవితంలో కంటపడదు. నమ్మాలా వద్దా అన్నది తర్వాత సంగతి. ముందు విననివ్వాలి. మా సంఘం పెద్దాయన కనీసం విని నాతో పోట్లాడాడు. అసలు వినని పిల్లవాడు దేనితో పోట్లాడతాడు?

హోస్ట్: ఇందాకటి నుంచి మీ పక్కన రాయి ఒకటుంది. ఏంది సార్ అది?

మాస్టారు: తీసుకో, చూడు. ఒంగోలు దగ్గర వేమవరం పొరల్లోది. జియాలజీ చదివిన స్నేహితుడు ఇచ్చాడు.

హోస్ట్: వినేవాళ్ల కోసం చెబుతాను. అరచేతిలో పట్టే పలకరాయి. లేత రంగు, వేలితో రాస్తే సుద్దపొడిలా అంటుకుంటోంది. మీద ఒక ఆకు అచ్చు. మధ్యలో ఈనె, అటూ ఇటూ దువ్వెన పళ్లలా సన్నటి రేకులు.

మాస్టారు: టిలోఫిల్లమ్ అంటారు. సుమారు 12, 13 కోట్ల ఏళ్ల కిందటిది. ఇప్పుడు ఆ జాతి భూమ్మీద ఎక్కడా లేదు. అక్కడి పొరల్లోనే అమ్మోనైట్లు, అంటే చుట్టలు తిరిగిన గుల్ల ఉన్న సముద్రపు జీవులు, కూడా దొరికాయి, అంటే అప్పుడు అక్కడిదాకా సముద్రం ఉండేది. మొన్న దీన్ని సండే స్కూల్‌కు పట్టుకెళ్లాను. ఎనిమిదేళ్ల పిల్ల అడిగింది, "ఇది మూడో రోజు ఆకా తాతా?" అని.

హోస్ట్: ఏం చెప్పారు?

మాస్టారు: మూడో రోజు చెట్లు చేశాడని మనం చదువుకున్నాం తల్లీ, ఈ ఆకు మాత్రం పదమూడు కోట్ల ఏళ్లప్పటిదని రాయి చెబుతోంది అన్నాను. కాసేపు నా మొహం చూసింది. తర్వాత నా చేతిలో భూతద్దం తీసుకుని, వెలుగు కోసం కిటికీ దగ్గరకు పోయి రేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఒక పక్క పద్దెనిమిది, ఇంకో పక్క పదిహేడే ఉన్నాయి తాతా. ఒకటి విరిగింది" అంది. నేనెన్నేళ్లుగా దాచుకున్న రాయి అది, ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

హోస్ట్: ఉండండి... నిజమే మాస్టారూ. ఇదిగో, కింద ఇక్కడ విరిగింది.