తమ గడికి తామే చేరుకున్న అక్షరాలు

శ్రోతలకు నమస్కారం.

సీసం అక్షరాలతో పేపరు అచ్చయ్యే రోజుల్లో, ఆ అక్షరాలు పేర్చే కంపోజిటరుకు పని రెండుసార్లు ఉండేది. కేసు అనే పెట్టె గళ్లలోంచి ఒక్కో అక్షరం ఏరి, చేతిలో పట్టుకునే స్టిక్కు అనే పళ్లెంలో పేర్చడం ఒక ఎత్తు. అచ్చయ్యాక వాటిని విడదీసి, మళ్లీ ఏ గడిది ఆ గడిలో వెయ్యడం మరో ఎత్తు. దీన్ని డిస్ట్రిబ్యూషన్ అనేవారు. ఒక్క అక్షరం పక్క గడిలో పడిందా, మర్నాటి పేపర్లో అచ్చుతప్పు. ఈ రెండు పనులనూ ఒకే యంత్రానికి అప్పగించిన మనిషి గురించి ఇవాళ చెబుతాను. ఆయన పేరు ఆట్‌మార్ మెర్గెంథాలర్.

1854లో జర్మనీలోని హాఖ్టెల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. ఇంజనీరింగ్ చదవాలని కుర్రాడి కోరిక, కానీ ఇంట్లో అంత స్తోమత లేదు. సవతి తల్లి సోదరుడు గడియారాలు చేసేవాడు. ఆయన దగ్గర పనికి కుదిరాడు. 1872లో, పద్దెనిమిదేళ్ల వయసులో, అమెరికా వెళ్లి ఒక బంధువు వర్క్‌షాపులో చేరాడు. నాలుగేళ్ల తర్వాత అక్కడికి జేమ్స్ క్లెఫేన్ అనే కోర్టు స్టెనోగ్రాఫర్ తరఫున ఒక యంత్రం బాగుచేయడానికి వచ్చింది. తాను రాసుకున్న వాంగ్మూలాలు గబగబా అచ్చు కావాలని ఆయన తపన. ఆ యంత్రం సరిగ్గా పనిచెయ్యలేదు కానీ, ఆ సమస్య మాత్రం మెర్గెంథాలర్‌ను పదేళ్లు వదల్లేదు.

కాగితపు గుజ్జులో అక్షరాలు గుద్ది చూశాడు. పొడుగాటి లోహపు పట్టీలతో ప్రయత్నించాడు. చివరికి అసలు మెలిక ఎక్కడుందో పట్టుకున్నాడు. పేర్చాల్సింది అక్షరాలను కాదు, అక్షరాల మూసలను! ఆపరేటరు మీట నొక్కితే చిన్న ఇత్తడి మూస జారి వచ్చి వరుసలో నిలబడుతుంది. మాటల మధ్య ఉండే చీలల్లాంటి కోసు ముక్కలు ఒక్కసారిగా పైకి జరిగి, లైనును రెండు అంచుల దాకా బిగిస్తాయి. దానిమీద కరిగిన సీసం మిశ్రమం పోస్తే లైను మొత్తం ఒకే దిమ్మగా పోతపోసుకుని బయటికొస్తుంది. అచ్చు పని అయ్యాక ఆ దిమ్మను కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. కాబట్టి అక్షరాలు విడదీసే పనే లేదు.

మరి మూసల సంగతి? నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఇదే. ప్రతి మూస నెత్తిమీద తాళంచెవికి ఉన్నట్టు పళ్లుంటాయి, ఒక్కో అక్షరానికి ఒక్కో తీరుగా. యంత్రం చెయ్యి వాటిని పైకెత్తి గాడులున్న కడ్డీకి తగిలిస్తుంది. మూస దాని వెంట జరుగుతూ, తన పళ్లకు పట్టు దొరకని చోట టక్కున జారిపోతుంది. సరిగ్గా ఆ కిందే దాని అర! గడియారాల దగ్గర పెరిగిన చేతులకే ఇలాంటిది తడుతుంది.

1886 జులై 3న న్యూయార్క్ ట్రిబ్యూన్ పేపరు ఈ యంత్రంతో తొలిసారి కంపోజ్ అయింది. దానికి లైనోటైప్ అని పేరొచ్చింది. నలుగురైదుగురు చేసే కంపోజింగ్ ఒక్క ఆపరేటరు చేసేవాడు. పేపర్లకు పేజీలు పెరిగాయి. మెర్గెంథాలర్‌కు మాత్రం సుఖం దక్కలేదు. కంపెనీ పెట్టుబడిదారులతో గొడవపడి 1888లో తప్పుకున్నాడు. అయినా యంత్రాన్ని మెరుగుపరచడం ఆపలేదు. క్షయ పట్టుకుంది. గాలి మార్పు కోసం న్యూమెక్సికోలోని డెమింగ్‌కు వెళితే అక్కడ ఇల్లు తగలబడింది. 1899 అక్టోబరు 28న బాల్టిమోర్‌లో కన్నుమూశాడు. నలభై అయిదేళ్లు, అంతే. ఆయన యంత్రం మాత్రం న్యూయార్క్ టైమ్స్‌లో 1978 జులై దాకా నడిచింది.

లైనోటైప్ కీబోర్డుకు ఉన్నవి తొంభై మీటలు. ఇంగ్లిషుకు సరిపోతాయి. మన గుణింతాలకు, ఒత్తులకు ఏ మూలకు? అందుకే తెలుగు ప్రెస్సుల్లో ఎన్నో దశాబ్దాలు చేతి కంపోజింగే సాగింది. పగలంతా పేర్చిన అక్షరాలను మన కంపోజిటర్లు ఒక్కొక్కటిగా చేత్తోనే తిరిగి గళ్లలో వేసేవారు. మీ ఇంట్లో ఆ పని చేసిన పెద్దలుంటే ఒకసారి అడగండి, 'క్ష' ఏ గడిలో ఉండేదని. చెయ్యి చాచి చోటు చూపిస్తారు.

సెలవు.