పెళ్లింట కాలిన చోట ఇనుప మంటపం

అందరికీ నమస్కారం.

మైసూరు ప్యాలెస్ చూసినవాళ్లు చేతులెత్తండి అంటే ఈ హాల్లో సగానికి పైగా చేతులు లేస్తాయి. స్కూలు ఎక్స్‌కర్షన్‌లోనో, ఊటీ వెళ్తూ దారిలోనో చూసే ఉంటారు. ఆ భవనం వయసెంత అని నన్నెవరో అడిగితే ‘నాలుగైదు వందల ఏళ్లుండవూ!’ అనేశాను. మైసూరును ఏలిన వడయార్ల వంశం పాతదే, 1399 నుంచి లెక్క చెబుతారు. కానీ మనం టికెట్ కొని చూసేది 1912లో పూర్తయింది. మా తాతగారు పుట్టాక కట్టిన ఇల్లన్నమాట!

అంతకు ముందు అక్కడున్నది ఎక్కువగా చెక్కతో కట్టిన రాజభవనం. 1897లో రాకుమారి జయలక్ష్మమ్మణ్ణి పెళ్లి వేడుకల్లో నిప్పంటుకుని కాలిపోయింది. ఆ ఇంటి పరిస్థితి ఒక్కసారి ఊహించండి. రాజు చామరాజ వడయార్ 1894లోనే పోయారు. కొడుకు కృష్ణరాజ వడయార్‌కు పన్నెండేళ్లు. రాజ్యభారం రాణి కెంపనంజమ్మణ్ణి మీదే ఉంది. భర్త లేడు, పిల్లవాడు చిన్నవాడు, కూతురి పెళ్లిలో ఇల్లు తగలబడింది. అయినా ఆవిడ చతికిలబడలేదు. సిమ్లాలో వైస్రాయ్ నివాసానికి రూపకల్పన చేసిన హెన్రీ ఇర్విన్‌కు కొత్త భవనం పని అప్పగించారు. అది పూర్తయ్యేలోపు, 1902లో కొడుకు పట్టాభిషేకం పక్కనే ఉన్న జగన్మోహన ప్యాలెస్‌లో జరిగింది. అప్పటి వైస్రాయ్ లార్డ్ కర్జన్ కూడా వచ్చాడు. ఆ ప్యాలెస్ ఇప్పుడు ఆర్ట్ గ్యాలరీ. రవివర్మ బొమ్మలు అక్కడే ఉన్నాయి, వదిలిపెట్టకండి.

ఈసారి వెళ్తే జనం తోసుకుపోతున్నా సరే, కల్యాణ మంటపంలో పది నిమిషాలు ఆగండి. ఎనిమిది కోణాల హాలు. తలెత్తితే రంగుటద్దాల కప్పు, దాని నిండా నెమళ్లు. చుట్టూ సన్నగా, పొడవుగా స్తంభాలు. గైడు ‘పైన నెమళ్లు చూడండి’ అంటాడు, అందరం పైకే చూస్తాం. నేను స్తంభాన్ని చూడమంటాను. అది రాయీ కాదు, చెక్కా కాదు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పోతపోసి తెప్పించిన ఇనుము. నమ్మకం కుదరక వేలితో తట్టి చూస్తే సెక్యూరిటీ అతను కేకేశాడు. మీరు తట్టకండి, ఇనుమే!

నాకు ఆ మంటపం దగ్గర మనసు ఆగిపోతుంది. పెళ్లిలో చెక్క ఇల్లు కాలింది కదా. మళ్లీ అక్కడే పెళ్లిళ్ల కోసం కట్టిన హాలుకి ఇనుప స్తంభాలు, ఇనుప దూలాలు. ‘మంటకు భయపడి ఇలా కట్టాం’ అని ఎవరో రాసిపెట్టారని నేను అనడం లేదు. కానీ ఒకసారి ఇల్లు కాలినవాళ్లు మళ్లీ కట్టుకునేటప్పుడు ఏం ఆలోచిస్తారో మనకు చెప్పాలా?

ఆ మంటపం గోడల మీదే దసరా ఊరేగింపు చిత్రాలు 26 ఉంటాయి. వాటిని 1934, 1945 మధ్య గీశారు. బొమ్మలో ఏనుగు మీద అంబారీలో ఉన్నది మహారాజు. ఇప్పుడు విజయదశమి నాడు అదే అంబారీలో చాముండేశ్వరి అమ్మవారు ఊరేగుతారు. అంబారీ బరువు 750 కిలోలు. అంతా బంగారం అనుకునేరు, లోపల చెక్కే, పైన బంగారు రేకు తాపడం.

ఇక దీపాలు. కావేరి మీద శివసముద్రంలో 1902లో జలవిద్యుత్ మొదలైంది. మొదటి కరెంటు కోలారు బంగారు గనులకు వెళ్లింది, మైసూరు ఊరి వంతు తర్వాత వచ్చింది. ఈ భవనం కరెంటు కాలం బిడ్డే. ఇప్పుడు దాని ఒంటినిండా సుమారు 97 వేల బల్బులు.

ఆదివారం వెళ్తే ప్యాలెస్ లోపల పగలే చూసేయండి, చెప్పులు విడిచే చోట క్యూకి టైమ్ ఉంచుకోండి. తర్వాత బయటికొచ్చి ఎదురుగా నిలబడండి. రాత్రి ఏడింటికి అన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. పిల్లలు అరుస్తారు, పెద్దవాళ్లు ఫోన్లు ఎత్తుతారు. నేనేమో మాడిపోయిన బల్బులెక్కడున్నాయా అని వెతుకుతూ నిలబడ్డాను. రెండు దొరికాయి.