ఏ ఆత్మకూరు బస్సు? నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బోర్డు చదివి బస్సెక్కడం

(నెల్లూరు. ఆత్మకూరు బస్టాండు బయట, పొద్దున్నే.)

నమస్కారం. నా వెనక కనిపిస్తున్నది ఆత్మకూరు బస్టాండు. అయితే నేను ఉన్నది ఆత్మకూరులో కాదు, నెల్లూరు నడిబొడ్డున. ఇక్కడి నుంచి పడమటి దారి పట్టి బుచ్చిరెడ్డిపాళెం, సంగం దాటితే అసలు ఆత్మకూరు వస్తుంది. అదీ మన జిల్లాదే. ఇంతటితో అయిపోతే బాగుండేది. మార్కాపురం దాటి దోర్నాల వైపు వెళ్ళి చూడండి, అక్కడ కూడా బస్సు నుదుటి మీద ‘ఆత్మకూరు’ అనే ఉంటుంది. అది నల్లమల అవతల, ఇప్పటి నంద్యాల జిల్లాలోని ఆత్మకూరు. రెండు ఊళ్ళకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. ఫోనులో టికెట్టు తీసుకునేటప్పుడు పేరు ఒకటే కదా అని వేలు పెట్టారో, డబ్బు ఒక ఊరికి, మీరు ఒక ఊరికి.

అందుకే ఈ వీడియోలో నేను బస్సుల పట్టిక చదివి వినిపించను. పట్టికలు మారిపోతుంటాయి. బస్సును చూడగానే అది మన బస్సా, కాదా అని తేల్చుకోవడం ఎలాగో చూపిస్తాను. అది ఒకసారి వస్తే ఒంగోలులో నిలబడ్డా, కనిగిరిలో నిలబడ్డా పనికొస్తుంది.

(బస్సు ముందు భాగం. కెమెరా బోర్డు దగ్గరికి.)

బోర్డు మీద పెద్ద అక్షరాలు అందరూ చదువుతారు. వాటి కింద చిన్న అక్షరాల్లో ‘వయా’ అని ఉంటుంది చూశారా, అసలు సమాచారమంతా అక్కడే ఉంటుంది. నెల్లూరు నుంచి ఉదయగిరికి ఆత్మకూరు మీదుగా వెళ్ళవచ్చు, వింజమూరు మీదుగానూ వెళ్ళవచ్చు. రెండు బస్సుల మీదా పెద్ద అక్షరాల్లో ఉదయగిరే. ఒకసారి నాకు ఆత్మకూరులో పని పడింది. ఉదయగిరి బోర్డు చూసి ఎక్కాను, కిటికీ పక్కన సీటు దొరికింది, చల్లగాలికి కన్ను మూతపడింది. లేచి చూస్తే ఊళ్ళ పేర్లు వేరు. కండక్టరును అడిగితే జాలిగా చూసి, ‘ఇది వింజమూరు బండి అయ్యా, ఎక్కేటప్పుడు అడగకూడదా’ అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. బోర్డు మీద ఉంది, నేను చదవలేదు. ఆ రోజు నుంచి నేను ఊరి పేరు కంటే ముందు వయా చూస్తాను.

తిరుపతి సంగతీ ఇంతే. నెల్లూరు నుంచి గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా వెళ్ళేది ఒక దారి. వెంకటగిరి వైపు నుంచి వెళ్ళేది ఇంకొకటి. కొండకు వెళ్ళేవారికి ఏ దారైనా ఒకటే, మధ్యలో నాయుడుపేటలో దిగాల్సినవారికి మాత్రం కాదు. ఒంగోలు నుంచి విజయవాడకు చిలకలూరిపేట, గుంటూరు మీదుగా హైవే ఉంది, చీరాల, బాపట్ల వైపు నుంచి తిరిగి వెళ్ళే దారీ ఉంది. కాబట్టి విచారణ కౌంటర్ దగ్గర ‘ఉదయగిరి బస్సు ఎప్పుడు’ అని అడగకండి. ‘వింజమూరు మీదుగా ఉదయగిరి వెళ్ళేది ఎప్పుడు’ అని అడగండి. ప్రశ్న సరిగ్గా ఉంటే జవాబు కూడా విసుగు లేకుండా వస్తుంది. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

ఇంకో చిన్న కిటుకు. బస్సు మీద డిపో పేరు రాసి ఉంటుంది. సాయంత్రం నెల్లూరులో ఉదయగిరి డిపో బస్సు కనిపిస్తే అది చాలావరకు ఇంటికి వెళ్ళే బస్సే. చీకటి పడి, బోర్డు సరిగ్గా కనబడనప్పుడు నేను ముందు డిపో పేరే వెతుకుతాను.

నెల్లూరుకు కొత్తగా వచ్చినవారికి ఒక మాట. ఈ ఊళ్ళో ఎవరైనా ‘మద్రాసు బస్టాండు దగ్గర’ అంటే అది ఒక సెంటరు పేరు. మీ దూరప్రాంత బస్సు ఆర్టీసీ ప్రధాన బస్టాండు నుంచి అయితే ఆటో అతనికి ‘మెయిన్ బస్టాండు’ అని గట్టిగా చెప్పండి.

(బస్సు పక్క భాగం. ‘పల్లె వెలుగు’ అక్షరాలు.)

తరువాత చూడాల్సింది సర్వీసు రకం. పల్లె వెలుగు ఊరూరా ఆగుతుంది. అల్ట్రా పల్లె వెలుగూ దాదాపు అంతే. ఎక్స్‌ప్రెస్ ముఖ్యమైన చోట్ల మాత్రమే ఆగుతుంది. ఆ పైన అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులైన ఇంద్ర, అమరావతి, గరుడ ఉన్నాయి. రోజూ ఉద్యోగానికి వెళ్ళివచ్చేవారికి మొదటి మూడింటితోనే పని.

2025 ఆగస్టు 15 నుంచి ఈ రకాన్ని చూడటం ఆడవారికి మరీ ముఖ్యమైంది. ఆ రోజే స్త్రీ శక్తి పథకం మొదలైంది. పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ ఐదు రకాల బస్సుల్లో రాష్ట్రానికి చెందిన బాలికలకు, మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు టికెట్టు ఉచితం. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు వంటి గుర్తింపు ఏదో ఒకటి చూపించాలి. ఉచితమే కదా అని టికెట్టు తీసుకోకుండా కూర్చోకూడదు. కండక్టరు సున్నా ఛార్జీ టికెట్టు కొట్టి ఇస్తారు, దిగేవరకు అది దగ్గర ఉంచుకోవాలి.

ఎక్కడ పొరపాటు జరుగుతుందంటే, రాష్ట్రం దాటే బస్సుల్లో. మన నెల్లూరు పక్కనే తమిళనాడు. చెన్నై వెళ్ళే బస్సు ఎక్కి ‘నేను సూళ్ళూరుపేటలోనే దిగుతాను కదా, మన రాష్ట్రమే కదా’ అంటే కుదరదు. అంతర్రాష్ట్ర సర్వీసుకు పథకం వర్తించదు. నాన్‌స్టాప్ బస్సులకూ వర్తించదు. తిరుమల కొండ మీదికి వెళ్ళే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ పేరులో ఎక్స్‌ప్రెస్ ఉన్నా దానికీ లేదు. మా ఇంట్లో నలుగురం బయలుదేరితే ఇప్పుడు టికెట్టు కొనేది నేనొక్కణ్ణే. ఇంటికి నేనే ఖరీదైన మనిషినని మా అమ్మాయి వెక్కిరింత.

మగవారికి దారే లేదా అంటే ఉంది, కాస్త వయసు రావాలి. 60 ఏళ్ళు నిండిన వారికి ఛార్జీలో 25 శాతం తగ్గింపు. వయసు చూపే గుర్తింపు ఉండాలి, తల నెరిస్తే చాలదు. ఐదేళ్ళలోపు పిల్లలకు టికెట్టు లేదు, ఐదు నుంచి పన్నెండు వరకు సగం టికెట్టు.

(చేతిలో రెండు టికెట్లు. కెమెరా దగ్గరగా.)

ఇప్పుడు ఛార్జీ. ‘దూరం ఇంతే కదా, ఇంత ఎందుకు’ అనే గొడవ ప్రతి బస్సులోనూ వింటాం. కిలోమీటర్లను రేటుతో గుణిస్తే టికెట్టు ధర రాదు. ఎందుకో చెబుతాను.

బస్సు దారిని స్టేజీలుగా విడగొడతారు. ఛార్జీ స్టేజీ నుంచి స్టేజీకి. మీ ఊరు రెండు స్టేజీల మధ్య ఉంటే తరువాతి స్టేజీ వరకు కట్టాలి. పక్క ఊరివాడు మనకంటే దూరం వెళ్ళి కూడా అంతే ఇస్తున్నాడంటే కారణం ఇదే. పల్లె వెలుగులో కనీస టికెట్టు 10 రూపాయలు. 2019 డిసెంబరులో పల్లె వెలుగుకు కిలోమీటరుకు 10 పైసలు, ఎక్స్‌ప్రెస్‌కు 20 పైసలు పెంచారు. ఆ తరువాత 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్సు, అంటే డీజిల్ ఖర్చు పేరిట టికెట్టు మీద అదనంగా వేసే రుసుము వచ్చింది, జూలైలో దాన్నే దూరాన్ని బట్టి మళ్ళీ పెంచారు. హైవే బస్సయితే టోల్ రుసుము కూడా టికెట్టులోనే కలుస్తుంది. నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్ళే బస్సు కావలి దగ్గర ముసునూరులో, ఆ తరువాత టంగుటూరులో, రెండు టోల్ గేట్లు దాటుతుంది. గూడూరు వైపు వెళ్తే వెంకటాచలం గేటు తగులుతుంది.

ఈ లెక్క తెలిస్తే ఒక లాభం ఉంది. ఒంగోలు నుంచి మార్కాపురం వెళ్ళాలి, పొదిలి బస్సు కదులుతోంది. పరుగెత్తి అది ఎక్కి, పొదిలిలో దిగి, అక్కడ ఇంకోటి పట్టుకుంటారు చాలామంది. రెండు టికెట్లంటే సెస్సు కూడా రెండు టికెట్ల మీద పడుతుంది. పది నిమిషాల్లో నేరుగా వెళ్ళే బస్సు ఉందంటే ఆగడమే మంచిది. అరగంట పైన ఆలస్యమంటే మాత్రం నేను కూడా పొదిలి బస్సే ఎక్కుతాను. పొదిలి అలాంటి కూడలి. ఒంగోలు, దర్శి, కనిగిరి, మార్కాపురం, ఎటువైపు నుంచి వచ్చినా అక్కడ ఏదో ఒక బస్సు దొరుకుతుంది.

ఈ పడమటి ఊళ్ళవారికి బస్సు ఎంత ముఖ్యమో హైవే పక్కన ఉండేవారికి తెలియదు. కావలి, సింగరాయకొండ వారికి బస్సు తప్పితే రైలుంది. కందుకూరు వారు కూడా రైలు కావాలంటే సింగరాయకొండకే రావాలి. 2022లో కందుకూరును ప్రకాశం జిల్లా నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపారు, 2025 చివర్లో మళ్ళీ ప్రకాశంలోకే తెచ్చారు. కాగితం మీద గీత జరిగింది గానీ, రైలు కోసం సింగరాయకొండకు పోవడం మాత్రం తప్పలేదు.

(పల్లెటూరి రచ్చబండ. ఆగి ఉన్న పల్లె వెలుగు బస్సు. తెల్లవారుజాము.)

ఈ బస్సును చూడండి. రాత్రి ఇక్కడే పడుకుంది. దీన్ని నైట్ హాల్టు బస్సంటారు. డిపో నుంచి రాత్రి చివరి ట్రిప్పుగా ఊరికి వచ్చి, డ్రైవరు, కండక్టరు ఊళ్ళోనే నిద్ర చేసి, తెల్లవారగానే మొదటి ట్రిప్పుగా టౌనుకు బయలుదేరుతుంది. అంటే చివరి బస్సు, మొదటి బస్సు వేరు వేరు కావు, రెండూ ఒకటే. దీని వల్ల ఒక విషయం ముందే తెలిసిపోతుంది. రాత్రి బస్సు ఊళ్ళోకి రాలేదంటే పొద్దున బస్సు లేదు. పరీక్ష ఉన్న పిల్లలు, ఆసుపత్రికి వెళ్ళాల్సిన పెద్దలు రాత్రే ఈ సంగతి కనుక్కుంటే పొద్దున కంగారు పడనక్కరలేదు. మా తాతగారు భోజనం చేస్తూ ‘బస్సు వచ్చిందా’ అని అడిగేవారు. ఆయన ఎక్కడికీ వెళ్ళేది లేదు. ఊరికి రేపటి దారి ఉందా లేదా అని అడగడం అది.

వారాన్ని బట్టి మారే బస్సులూ ఉన్నాయి. మాలకొండ తెలుసు కదా, వలేటివారిపాలెం మండలంలో మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి కొండ. ఆ గుడి తెరిచేది శనివారం ఒక్కరోజే. ప్రత్యేక బస్సులు నడిపేదీ ఆ రోజే. మంగళవారం నాడు కందుకూరు బస్టాండులో నిలబడి ‘మాలకొండకు బస్సు లేదా’ అని విసుక్కునేవారిని చూశాను, బస్సు ఉన్నా అక్కడ దర్శనం లేదు మరి. నెల్లూరులో రొట్టెల పండుగ రోజులు, పెంచలకోన బ్రహ్మోత్సవాలు వస్తే ఇంకో రకం లెక్క. ప్రత్యేక బస్సులు వేస్తారు, బస్సుల లోటు ఉండదు. కానీ అవి ఎక్కడి నుంచో వచ్చినవి కావు. రోజూ తిరిగే దారుల్లోంచి తీసినవి కొన్ని ఉంటాయి. ఆ వారం మీరు ఆఫీసుకు ఒక గంట ముందే బయలుదేరండి.

దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళేవారికి మాత్రం ఒక హెచ్చరిక. అది పులుల అభయారణ్యం. రాత్రివేళ అటవీ శాఖ గేటు మూసేస్తుంది. మార్కాపురంలో పొద్దుపోయాక దిగి, ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకుంటే దోర్నాలలో తెల్లవార్లూ కూర్చోవాల్సి వస్తుంది.

(ఫోను తెర.)

ఫోను సంగతి త్వరగా ముగిస్తాను. ఏపీఎస్‌ఆర్టీసీ వెబ్‌సైటులో దూరప్రాంత బస్సులకు రిజర్వేషన్ ఉంది. ప్రభుత్వ ‘మన మిత్ర’ వాట్సాప్ నంబరు 95523 00009లో కూడా టికెట్టు తీసుకోవచ్చు. పల్లె వెలుగుకు రిజర్వేషన్ ఉండదు. టికెట్టు తీసుకునేటప్పుడు ఎక్కే చోటు, దిగే చోటు జాగ్రత్తగా ఎంచుకోండి. రాత్రి బస్సులు కొన్ని ఊళ్ళోకి రాకుండా బైపాస్‌లోనే ఆగుతాయి. తెల్లవారుజామున మూడు గంటలకు హైవే మీద సామానుతో నిలబడి ఆటో కోసం చూడటం ఏమంత బాగుండదు. టికెట్టు మీద ఉండే సర్వీసు నంబరును లైవ్ ట్రాక్ యాప్‌లో వేస్తే బస్సు ఎక్కడుందో చూపిస్తుంది. రోజూ ఒకే దారిలో తిరిగేవారు డిపోలో నెలవారీ సీజన్ టికెట్టు గురించి అడగండి, రోజూ రానుపోను టికెట్లు కొనడం కంటే బాగా కలిసివస్తుంది.

(మళ్ళీ ఆత్మకూరు బస్టాండు. హారన్ శబ్దం.)

ఆగండి, ఒక బస్సు వస్తోంది. నేను ఈరోజు ఆత్మకూరు వెళ్ళాలి. పెద్ద అక్షరాలు ఉదయగిరి. కింద... వయా వింజమూరు. ఎక్స్‌ప్రెస్, కిటికీ పక్కన సీటు కూడా ఖాళీగానే ఉంది. వెళ్ళనివ్వండి, నాది ఇది కాదు.