దినం, పెద్దకర్మ, భూస్థాపన: చావింటి మాటల మీద చర్చ

(స్టూడియో చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: గోదావరి ప్రాంతపు పురోహితులు ఒకరు, గుంటూరు వైపు చర్చిలో సేవచేసే పాస్టర్, తెలుగు శాఖ అధ్యాపకురాలు, హైదరాబాద్‌లో మున్సిపల్ ఆరోగ్య విభాగంలో పనిచేసి రిటైరైన అధికారి.)

యాంకర్: నమస్కారం. పెళ్లి శుభలేఖ వస్తే ప్రతి మాటా చదువుతాం. కర్మ కార్డు వస్తే తేదీ, హాలు పేరు చూసి పక్కన పెట్టేస్తాం. మన ఇంట్లోనే ఆ కార్డు అచ్చువేయించాల్సి వచ్చినప్పుడు ఏ మాట ఎందుకో తెలియక ఎవరు ఏం చెబితే దానికి తలూపుతాం. ఇవాళ ఆ మాటల గురించే. సార్, మీతో మొదలుపెడతాను. ఆస్పత్రిలో మనిషి పోయాక ఇంటివాళ్లు తడబడే మొదటి మాట ఏది?

విశ్రాంత అధికారి: ఎమ్మెల్సీ. (నవ్వులు) నవ్వకున్రి, నిజంగనే. డాక్టరు ‘ఇది ఎమ్మెల్సీ కేసు’ అంటడు. ఇంటోళ్లు ‘మాకే ఎమ్మెల్సీ తెల్వదు సార్’ అంటరు. మెడికో లీగల్ కేసన్నట్టు. రోడ్డు ప్రమాదం, కాలిన గాయాలు, విషం, ఉరి, అనుమానమున్న చావు ఏదైనా. ఆ ముద్ర పడ్డదంటే పోలీసులు శవ పంచనామా చెయ్యాలె, అవసరమైతే పోస్ట్‌మార్టం కావాలె, అప్పటిదాక మనిషిని ఇంటికియ్యరు. నేర విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీల ఇది 174వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని జాగల వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌ల 194. డాక్టరు మొండికేసుడు కాదది. ఈ ముచ్చట తెల్వక చుట్టాలకు ‘సాయంత్రం నాలుగింటికి తీస్తం’ అని ఫోన్లు కొడ్తరు. అందరొచ్చి వాకిట్ల కూసుంటరు, మార్చురీల ఇంక నంబరే రాదు.

యాంకర్: కాగితాల సంగతి?

విశ్రాంత అధికారి: నాలుగు కాగితాలుంటయి, నాలుగిటినీ ‘డెత్ సర్టిఫికెటే’ అంటరు జనం. ఆస్పత్రిచ్చే డెత్ సమ్మరీ ఒకటి, అది చికిత్స చరిత్ర. మరణ కారణం రాసే వైద్య ధ్రువపత్రం ఇంకొకటి. శ్మశానంల ఇచ్చే రసీదు మూడోది. అసలు మరణ ధ్రువీకరణ పత్రం రిజిస్ట్రారు ఇస్తడు, బ్యాంకుకు, బీమాకు, పింఛనుకు పనికొచ్చేది అదే. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్ల నమోదు చేపియ్యాలె. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలె. ఇంకోటి చెప్తా, గుర్తువెట్టుకోన్రి: చావు ఎక్కడైతే అక్కడ నమోదు. నల్గొండ మనిషి హైదరాబాద్ దవాఖానల పోతే హైదరాబాద్‌లనే. సొంతూరు పంచాయతీ చుట్టూ తిరిగి తిరిగి నా దగ్గరికి ఏడ్చుకుంట వచ్చినోళ్లు ఎంతమందో.

యాంకర్: మేడమ్, ఇందాక నుంచి గమనిస్తున్నా, ‘శవం’ అన్నప్పుడల్లా మనందరి గొంతూ కొంచెం తగ్గుతోంది.

అధ్యాపకురాలు: తగ్గుతుంది. అందుకే ఇంట్లో ‘బాడీ’ అంటాం. ‘బాడీ వచ్చిందా?’ ఇంగ్లిష్ అయితే నొప్పి తెలియదని. పత్రికల్లో శవం, మృతదేహం, భౌతికకాయం, పార్థివదేహం అని మెట్లున్నాయి. గుర్తుతెలియని మనిషి రైలుపట్టాల మీద దొరికితే మృతదేహం. నాయకుడైతే పార్థివదేహం. పార్థివమంటే మట్టితో అయినది, అంతే. ఆ లెక్కన అందరిదీ పార్థివదేహమే. పేపరు మాత్రం హోదా చూసి మాట వాడుతుంది. నాకిది అస్సలు నచ్చదు.

యాంకర్: పంతులుగారూ, ఇంటి దగ్గర్నించి శ్మశానం దాకా మాటలు వరసగా చెప్పండి.

పురోహితులు: వరసగా చెప్పేస్తే మంత్రం చదివినట్టుంటుందండీ. ముఖ్యమైనవి చెబుతా. వెదురుతో కట్టేది పాడె. కర్మ చేసేవాడు కర్త. కర్త నిప్పు పట్టుకు ముందు నడుస్తాడు. దారిలో ఒకచోట పాడె దింపి, పోయినవారి చెవి దగ్గర పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు. అదే దింపుడు కళ్లం. ‘దింపుడు కళ్లం ఆశ’ అని ఎన్నికల వార్తల్లో రాస్తారు చూడండి, అది ఇక్కడిదే. నాడి చూసే డాక్టరు అందుబాటులో లేని కాలంలో ప్రాణం ఉందేమోనని చివరిసారి చూసుకునే పద్ధతి అది. ఇప్పుడు వ్యానులో తీసుకెళ్లిపోతున్నారు, శ్మశానం గేటు దగ్గర ఆపి పిలిపిస్తున్నాం. ఆ తర్వాత చితి చుట్టూ నీళ్ల కుండతో తిరగడం, కుండకి చిల్లు పెట్టడం, చివర్న వెనక్కి పడేయడం. తలకొరివి. మర్నాడో మూడోనాడో సంచయనం, అంటే ఎముకలు ఏరడం.

యాంకర్: మూడోనాడంటే ఎప్పుడు? దీని మీద ప్రతి ఇంట్లో ఒక గొడవ.

పురోహితులు: పోయిన రోజే ఒకటో రోజండీ. సోమవారం పోతే బుధవారం మూడో రోజు, మళ్లీ బుధవారం పదో రోజు. కాలేజీ కుర్రాళ్లు ఇరవైనాలుగు గంటలు దాటితే ఒక రోజని లెక్కేసి హాలు బుక్ చేస్తారు. ఒకరోజు తేడా వచ్చేస్తుంది, అడ్వాన్సు పోతుంది. ఇంకో చిక్కుంది. సర్కారుకి తేదీ అర్ధరాత్రి మారుతుంది, పంచాంగానికి సూర్యోదయంతో. మంగళవారం తెల్లవారుజామున రెండింటికి పోతే ఆస్పత్రి కాగితం మంగళవారమంటుంది, మాలో చాలామంది సోమవారం కిందే లెక్కేస్తారు. రాత్రిని భాగాలు చేసి చూసే ఆచారమూ ఉంది. అందుకే నేను మొదట అడిగేది పేరూ గోత్రం కాదు, పోయిన టైము. ఏటా పెట్టే తద్దినం తేదీకి కాదు, తిథికి. టైము రాసుకోకపోతే వచ్చే ఏడు అమెరికా నుంచి ఫోను చేసి ‘నాన్నగారిది ఏ తిథండీ’ అని నన్నే అడుగుతారు.

యాంకర్: కార్డులో పెద్దకర్మ అని, దశదిన కర్మ అని, శుభస్వీకారం అని...

పురోహితులు: శుభస్వీకారం మాలో, అంటే బ్రాహ్మణుల్లో, పదమూడో రోజు. మైల వదిలి మళ్లీ మామూలు బతుకులోకి రావడం. పన్నెండో రోజు సపిండీకరణం, పోయినవారిని ప్రేతరూపం నుంచి పితృదేవతల్లో కలపడం. మిగతా కులాల్లో కోస్తాలో పెద్దకర్మ అంటారు, వైకుంఠ సమారాధన అనీ వేస్తారు. రోజు ఊరినిబట్టి, ఇంటినిబట్టి మారుతుంది.

విశ్రాంత అధికారి: మా దిక్కు దినాలు. ‘దినాలకు పోయొచ్చినం’ అంటం. మూడొద్దులకు పిట్టకు పెట్టుడు. అన్నం, ఆయన ఇష్టపడి తిన్న కూరలు పెట్టి కాకి ముడుతదా అని చూసుడు. ముట్టకపోతే ‘ఏదో కోరిక మిగిలింది’ అని అందరు కొడుకును చూస్తరు, పాపం.

అధ్యాపకురాలు: పెత్రమాస కూడా చెప్పండి సార్. మహాలయ అమావాస్య. పెద్దలకు బియ్యమిచ్చే రోజే తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ మొదలు. పొద్దున పెద్దల పేరు తలుచుకుంటారు, సాయంత్రం పూలు పేరుస్తారు.

యాంకర్: హిందువులంటే దహనమేనా?

అధ్యాపకురాలు: కానే కాదు. మనదగ్గర పూడ్చే కులాలు చాలా ఉన్నాయి. వీరశైవులు, జంగాలు కూర్చున్న భంగిమలో సమాధి చేస్తారు, ‘లింగైక్యం’ అంటారు. ఇప్పుడు ‘శివైక్యం’ అన్నమాట సినిమా వార్తల్లో ఎవరికిపడితే వారికి వాడేస్తున్నారు. పసిపిల్లల్ని పూడుస్తారు. సన్యాసుల్ని కాల్చరు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామిది బృందావనం అంటాం, బ్రహ్మంగారి మఠంలో సజీవ సమాధి అంటాం. సమాధి అన్న ఒక్క మాటే ధ్యానంలో చివరి మెట్టుకూ, ఊరి బయటి గుంతకూ పేరైంది. ఇంకా వెనక్కి వెళ్తే ఇనుప యుగపు బండరాళ్ల సమాధులున్నాయి. వాటిని మన పల్లెల్లో రాక్షసగుళ్లు అంటారు. అంత పెద్ద రాళ్లు మనుషులు ఎత్తగలరని నమ్మకం కుదరక రాక్షసులకు కట్టబెట్టారు.

విశ్రాంత అధికారి: కరీంనగర్ కార్ఖానాగడ్డల దీపావళి చూసిన్రా? దళిత కుటుంబాలు సమాధులకు సున్నమేసి, పూలు పెట్టి, అక్కడనే దీపాలు ముట్టిస్తరు. పిల్లలు పటాకులు కాలుస్తరు. శ్మశానం అనంగనే స్నానం అనుకునేటోళ్లు అది ఒకసారి చూడాలె.

యాంకర్: పాస్టర్‌గారూ, మీ దగ్గర మాటలు వేరు కదా.

పాస్టర్: మేం భూస్థాపన అంటాం. నాటడం అన్న భావం ఉందందులో, పునరుత్థానం నమ్ముతాం కాబట్టి. చనిపోయారు అనేకంటే ‘ప్రభువునందు నిద్రించారు’ అంటాం. తర్వాత పెట్టేది ఆదరణ కూడిక, లేదా జ్ఞాపకార్థ కూడిక. ఇది పోయినవారి ఆత్మకు ఏదో చేయడానికి కాదు, ఉన్నవాళ్లను ఓదార్చడానికి. ఈ తేడా తెలియక హిందూ స్నేహితులు ‘మీ పెద్దకర్మ ఎప్పుడు’ అని అడుగుతారు. తప్పేం లేదు, ప్రేమతో అడుగుతారు. పత్రికలవాళ్లు మాత్రం క్రైస్తవుడు పోయినా ‘దహన సంస్కారాలు’ అని రాసేస్తారు. ‘అంత్యక్రియలు’ అని రాస్తే ఎవరికైనా సరిపోతుంది కదా.

యాంకర్: క్రైస్తవులు దహనం చేసుకోకూడదా?

పాస్టర్: సంఘాన్నిబట్టి ఉంటుంది. కతోలిక సభ 1963 నుంచి దహనానికి అనుమతిచ్చింది. అయితే బూడిద చల్లకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు, పవిత్ర స్థలంలో ఉంచాలని 2016లో స్పష్టంగా చెప్పింది. మన పట్నాల్లో స్థలం లేక అదే కుటుంబపు సమాధిని మళ్లీ తెరవడం మామూలైపోయింది. రేపు ఈ చర్చ మాలోనూ పెద్దదవుతుంది.

యాంకర్: కర్నూలు నుంచి ఒక సోదరుడు లైన్లో ఉన్నారు. చెప్పండి.

కర్నూలు ప్రేక్షకుడు: సలాం సార్. మా ముస్లింల గురించి ఎవరూ చెప్పలేదే అని చేసినా. మా పక్కింటి రెడ్లు మా ఇంట్లో చావైతే వస్తారు, ఎక్కడ నిలబడాల్నో తెలీక గేటు బయటే ఉంటారు. స్నానం చేయించేది గుసుల్. కఫన్ అంటే కుట్టని తెల్లబట్ట, మగవాళ్లకు మూడు ముక్కలు, ఆడవాళ్లకు అయిదు. జనాజా నమాజ్‌లో వంగడం, సాష్టాంగపడటం ఉండవు, నిలబడే చేస్తాం. ఖబరస్తాన్‌లో ముఖం పడమరకు, కిబ్లా అంటే మక్కా వైపు తిప్పుతాం. మట్టి ఇవ్వడం అంటే మూడు గుప్పిళ్లు వేయడం. జనాజాకు ఎవరైనా భుజం పట్టొచ్చు సార్, గేటు బయట ఉండక్కర్లేదు.

యాంకర్: చాలా మంచి మాట చెప్పారన్నా. మేడమ్, విదేశాల్లో పోతే?

అధ్యాపకురాలు: గల్ఫ్ నుంచి మనిషి శవపెట్టెలో వస్తాడు. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ‘ఎంబామింగ్’, ‘ఎన్‌వోసీ’, ‘కార్గో’ అన్న మాటలు అక్షరం రాని ముసలమ్మలకు కూడా తెలుసు. ఎంబామింగంటే దేహం చెడిపోకుండా మందులెక్కించడం, ఎన్‌వోసీ అంటే పంపడానికి అభ్యంతరం లేదన్న కాగితం. విమానాశ్రయంలో ప్రయాణికులు వచ్చే గేటు దగ్గర కాదు ఎదురుచూడాల్సింది, కార్గో విభాగం దగ్గర. ఇది ముందే చెప్పేవాళ్లుండరు.

పురోహితులు: అమెరికా సంగతి వేరండీ. అక్కడ ఫ్యూనరల్ హోమ్ వాళ్లు దహనమయ్యాక ఎముకల్ని యంత్రంలో పొడిచేసి డబ్బాలో ఇస్తారు. మనవాళ్లు సంచయనం చేయిద్దామని ఆ డబ్బా తెచ్చి నా ముందు పెడతారు. ఏరడానికి ఎముకేదీ? నేను సంకల్పం చెప్పించి గోదావరిలో నిమజ్జనం చేయిస్తున్నా. ఒప్పుకోని పంతుళ్లూ ఉన్నారు.

యాంకర్: శ్మశానానికి ఇప్పుడు కొత్త కొత్త పేర్లు. వైకుంఠధామం, మహాప్రస్థానం, స్వర్గపురి...

విశ్రాంత అధికారి: పేరు మార్చుడు మంచిదే. తెలంగాణల పల్లెప్రగతి కింద ఊరూరికి వైకుంఠధామం కట్టిన్రు, స్నానాల గదులు, కూసునే అరుగులు వచ్చినయి. ముందు ముళ్లకంపలల్ల నడుచుకుంట పోయేది.

అధ్యాపకురాలు: అరుగులొచ్చాయి, సరే. కాటికాపరి ఎక్కడున్నాడు? మీవైపు బేగరివాళ్లు గుంతలు తీసేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు చావుకబురు మోసేవాళ్లు. బోర్డు మీద వైకుంఠం రాశాక ఆ పనిచేసేవాళ్ల పేరు ఏ కాగితంలోనూ కనపడదు. రేటు పట్టికలో కట్టెల ధర ఉంటుంది. గుంత తీసినవాడికి ఇచ్చేది మాత్రం ‘మీ ఇష్టం’.

విశ్రాంత అధికారి: మేడమ్, మున్సిపాలిటీల కొందరికి జీతాలున్నయి...

అధ్యాపకురాలు: కొందరికి. నేనడిగేది మిగతావాళ్ల సంగతి.

విశ్రాంత అధికారి: అది ఒప్పుకుంటా. కరోనప్పుడు ఇంటోళ్లే దగ్గరికి రాకపోతే వాళ్లే ఎత్తిన్రు. అప్పుడు అందరు దండం పెట్టిన్రు, తర్వాత మర్చిపోయిన్రు.

యాంకర్: చివరి ప్రశ్న, రాజమండ్రి నుంచి ఒక అమ్మాయి రాసింది. ‘మేం ఇద్దరం ఆడపిల్లలం. నాన్నకు నేను కొరివి పెట్టొచ్చా? బాబాయి వద్దంటున్నారు.’

పురోహితులు: కొడుకు లేనప్పుడు కర్తలెవరన్న వరస ధర్మశాస్త్రాల్లోనే ఉందమ్మా. భార్యా ఉంది అందులో, కూతురూ ఉంది. బాబాయిగారు నన్ను అడిగితే ఇదే చెబుతా. నేను చేయించాను కూడా. కాకపోతే ఒక మాట, పది రోజుల కర్మ నువ్వే కూర్చుని చేయాలి. మొదటి రోజు కొరివి నువ్వు పెట్టి, తర్వాత రోజుల్లో ఎవరో ఒకరు కూర్చుంటార్లే అనుకుంటే కుదరదు. ఆఫీసులో సెలవు అడిగేటప్పుడు దహనానికి ఒక్కరోజు అని రాయకు, పదమూడు రోజులని రాయి.